పన్నెండు వరసల కింద

పోయిన ఆదివారం తెల్లారకముందే కాజీపేట అన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి రా. సార్‌ను గూడ ఎంబడి తీస్కరా. మీకొకటి చూపియ్యాలె" అన్నాడు. ఏందన్నా అని అడిగితే చెప్పలేదు. మేం వెళ్లేసరికి సిమెంటు బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. పక్కన బియ్యం సంచి. అందులోంచి తీసి ఒళ్లో పెట్టుకున్న కట్టను చూడగానే గుర్తుపట్టాను. ఆకుపచ్చ చారల కాగితం, రెండు అంచులకీ చిల్లులు, చిటికెన వేలంత మందం. 1987లో దసరాకి ముందు ఒక రాత్రి నా ప్రోగ్రాం ఆగిపోయినప్పుడు ప్రింటర్ ఉమ్మేసిన డంప్ అది, అంటే కంప్యూటర్ మెమరీలో ఉన్నదంతా అచ్చేసిన కట్ట.

ఇంటికి రంగులేయిద్దామని సజ్జ మీది సామాను దింపితే, పాత ట్రంకు పెట్టె అడుగున దొరికిందట. పిల్లలు లెక్కలు చేసుకోవడానికి మిగతా కాగితమంతా ఎప్పుడో అయిపోయింది, ఇదొక్కటే మిగిలింది అన్నాడు. మా అందరి ఇళ్లలోనూ అంతే. వరసకి 132 అక్షరాలు పట్టే ఆ వెడల్పు కాగితం వెనకవైపు ఖాళీగా ఉండేది. మా పెద్దమ్మాయి ఎక్కాలన్నీ దాని మీదే రాసింది. సంక్రాంతికి సకినాలు నూనెలోంచి తీసి దాని మీదే వేసేవాళ్లం. అంచుల చిల్లుల పట్టీలు చింపి పిల్లలు దండలు చేసుకునేవాళ్లు.

మా ముగ్గురి సంగతి కొంచెం చెప్పాలి. సార్‌ది జగిత్యాల దిక్కు. వరంగల్ ఆర్‌ఈసీలో చదివారు. 1959లో మొదలైన ఆ కాలేజీ, ఇప్పుడు ఎన్ఐటీ అయింది, సార్ చేరేనాటికి ఇంకా పదేళ్లు కూడా నిండలేదు. ఆయన సిస్టమ్స్ ప్రోగ్రామర్, మెషీన్ భాషకి దగ్గరగా ఉండే అసెంబ్లర్‌లో రాసే మనిషి. అన్న కాజీపేట ఫాతిమానగర్‌లో పుట్టి పెరిగాడు. వాళ్ల నాన్న గూడ్స్ బండి గార్డు. అన్న షిఫ్టు ఆపరేటర్‌గా చేరి టేపు లైబ్రరీ మొత్తానికీ పెద్ద దిక్కయ్యాడు. నేను కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి, ఉద్యోగం కోసం హైదరాబాద్ పోయి, ఆఫీసు లెక్కల ప్రోగ్రాములు రాసే కోబాల్ భాష నేర్చుకున్నవాణ్ని. ముగ్గురం ఓరుగల్లు గాలి పీల్చినవాళ్లమే. అందుకే ఆ ఆఫీసులో మాకు స్నేహం కుదిరింది. ఇప్పుడు రిటైరై ముగ్గురం ఇక్కడికే చేరాం. సార్‌కి 74 దాటాయి. వారానికోసారి కట్ట మీద కలుస్తాం. నలభై ఏళ్ల నుంచి తేలని వాదనలు ఇక్కడ కూర్చొని మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాం.

మేం పనిచేసింది ఐబీఎం 370 తరహా మెషీన్ మీద, గదంతా నిండే పెద్ద కంప్యూటర్, మెయిన్‌ఫ్రేమ్ అంటారు. ఐబీఎం 1978లో ఈ దేశంలో వ్యాపారం మూసుకొని వెళ్లిపోయింది. వాళ్ల మెషీన్లను చూసుకునే బాధ్యత సీఎంసీ అనే ప్రభుత్వ కంపెనీ మీద పడింది. తయారుచేసినవాళ్లే దేశంలో లేనప్పుడు మెషీన్ని బతికించుకోవడం అంటే ఏమిటో సార్ లాంటివాళ్లకి తెలుసు. మాన్యువల్ పేజీ ఒక్కటి చిరిగినా సార్ అన్నంమెతుకులతో అతికించేవారు. "పుస్తకంల లేనిది మెషీన్ చెప్పదు, మెషీన్ చెప్పనిది పుస్తకంల దొరకది. రెండూ పక్కపక్కన పెట్టుకొని చదవాలె" అనేవారు.

మెషీన్ గది అంటే నాకు మొదట గుర్తొచ్చేది చలి. మే నెలలో బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే మేం లోపల స్వెట్టర్లు వేసుకొని కూర్చునేవాళ్లం. కింద ఫాల్స్ ఫ్లోరింగ్, దాని కింద చెయ్యంత లావు కేబుళ్లు. ప్రింటర్ మొదలైతే పక్కనున్న మనిషి చెవిలో అరవాల్సిందే. అన్నకి ఆ చప్పుడే గడియారం. ఏ రిపోర్టు వస్తున్నదో చూడకుండానే చెప్పేవాడు. జీతాల స్లిప్పులు ఒక తాళంలో వచ్చేవి, లెడ్జర్లు ఇంకో తాళంలో. చప్పుడు మధ్యలో ఆగితే నిద్రలో ఉన్నా లేచి కూర్చునేవాడు.

ఇక టేపులు. 2400 అడుగుల రీలు, అర అంగుళం వెడల్పు. వెనక వైపు ప్లాస్టిక్ రింగు పెడితేనే దాని మీద రాయొచ్చు, తీసేస్తే చదవడానికి మాత్రమే. రింగు లేనిదే రాత లేదు అన్నది అక్కడ చేరినవాడికి నేర్పే మొదటి మాట. తీసేసిన రింగులు అన్న మెడకి వేసుకొని తిరిగేవాడు. ఎందుకన్నా అంటే, "నా మెడలున్నన్ని టేపులు భద్రంగ ఉన్నయని లెక్క" అనేవాడు.

టేపు గురించి ఒక లెక్క ఇక్కడే చెప్పేస్తాను, ముందు ముందు అవసరమవుతుంది. మా టేపుల్లో అంగుళానికి 1600 బైట్లు పట్టేవి. బైటు అంటే ఒక్క అక్షరమో అంకెో పట్టే చోటు. 80 బైట్ల రికార్డు రాస్తే అది తీసుకునే చోటు అంగుళంలో ఇరవయ్యో వంతు. కానీ ఒక రాతకీ ఇంకో రాతకీ మధ్య టేపు ఆగడానికీ మళ్లీ కదలడానికీ 0.6 అంగుళాల ఖాళీ కావాలి. అంటే ఒక్కొక్క రికార్డుగా రాస్తే టేపులో తొంభై శాతం పైన ఖాళీయే. అందుకని పది రికార్డులు కలిపి ఒక బ్లాకు చేసి రాసేవాళ్లం. చదివేటప్పుడు కూడా బ్లాకు మొత్తం ఒకేసారి మెమరీలోకి వచ్చేది. ప్రోగ్రాం ఒక్కో రికార్డే అడుగుతున్నా, పదీ అక్కడే వరసగా కూర్చొని ఉండేవి.

ఆ సంస్థ పేరు చెప్పను. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో దానికి చిన్నచిన్న యూనిట్లుండేవి. కూలి లెక్క మీద పనిచేసేవాళ్లు చాలామంది. వాళ్ల హాజరు వరంగల్‌లో డేటా ఎంట్రీ చేసి, 8 అంగుళాల ఫ్లాపీల్లోకి ఎక్కించి, రైల్లో హైదరాబాద్ తెచ్చేవాళ్లు. జీతాల లెక్క రాత్రి మా దగ్గర జరిగేది. స్లిప్పులు ప్రింటై పొద్దున బండికి తిరిగి వరంగల్ వెళ్లాలి. ఆ నెల దసరా ముందు కాబట్టి జీతాలు ముందే ఇస్తామని మాటిచ్చారు. మన దగ్గర దసరా అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. బతుకమ్మకి ఆడపిల్ల ఇంటికొస్తుంది, దసరాకి కొత్త బట్టలు, యాట కూర. జీతం చేతిలో పడకపోతే ఇంట్లో పండుగ లేనట్టే.

రాత్రి ఒంటిగంట దాటాక ప్రింటర్ తాళం మారింది. అన్న నన్ను లేపాడు. "తమ్మీ, నీ ప్రోగ్రాం పడ్డది. సాక్ సెవెన్."

ఎస్0సీ7. మేం సాక్ సెవెన్ అనేవాళ్లం. అంకె ఉండాల్సిన చోట అంకె కానిది కనిపిస్తే, కూడమన్నప్పుడు మెషీన్ కూడనని ఆగిపోవడం. ఇప్పటివాళ్లు స్క్రీన్ మీద ఫలానా లైను అని చూస్తారు. అప్పుడు మా దగ్గర అలాంటిదేమీ లేదు. మెమరీలో ఆ క్షణాన ఏమేం ఉందో మొత్తం పదహారు అంకెల లెక్కలో, అంటే సున్నా నుంచి ఎఫ్ వరకు, కాగితం మీద గుమ్మరించేది. అదే డంప్. వరసకి 32 బైట్లు, కుడి పక్కన రెండు నక్షత్రం గుర్తుల మధ్య వాటి అక్షర రూపం.

దాన్ని చదవడం సార్ నేర్పించారు. ముందు పీఎస్‌డబ్ల్యూ చూడాలి, మెషీన్ ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చెప్పే మాట అది. అందులో ఉన్న చిరునామా తప్పు జరిగిన ఆజ్ఞది కాదు, దాని తర్వాతిది. ఒక అడుగు వెనక్కి వేయాలి. దాంట్లోంచి మన ప్రోగ్రాం మెమరీలో మొదలైన చిరునామా తీసేయాలి. వచ్చిన తేడాని కంపైల్ లిస్టింగులో, అంటే ప్రోగ్రాంని మెషీన్ భాషలోకి మార్చినప్పుడు వచ్చిన అచ్చులో, వెతికితే కోబాల్‌లో ఏ వాక్యమో దొరుకుతుంది. ఈ తీసివేత కూడా పదహారు అంకెల్లోనే, పెన్సిలుతో. కళ్లు మండుతున్నా ఒక్క అంకె పొరబడకూడదు. నాకు అరగంట పట్టింది. రోజుల సంఖ్యని రోజు కూలితో గుణించే వాక్యం. రోజుల గడి మూడంకెలది. తర్వాత ఫైలు బఫర్, అంటే టేపు నుంచి చదివిన బ్లాకు మెమరీలో కూర్చునే చోటు, వెతికి పట్టుకున్నాను. నంబరు చివర 412 ఉన్న మనిషి రికార్డు. రోజుల గడిలో ఉన్నది ఎఫ్2 ఎఫ్6 40.

ఐబీఎం మెషీన్ వాడే ఎబ్సిడిక్ కోడులో ఎఫ్0 నుంచి ఎఫ్9 దాకా అంకెలు. 40 అంటే ఖాళీ. అంటే డేటా ఎంట్రీలో ఎవరో 026 అని కొట్టాల్సింది 26 కొట్టి స్పేస్ వదిలేశారు. అంకె ఎడమ పక్కకి జరిగిపోయింది.

రెండున్నర అయింది. సార్ ఇంట్లో ఫోన్ లేదు. నేను, అన్న, అంతే. అన్న అన్నాడు, "ఒక్క మనిషి కోసం అందరి జీతం ఆపుతమా తమ్మీ? ఆయన్ని పక్కకు పెట్టు. ఆయన స్లిప్పు పొద్దుగాల చేత్తో రాద్దం. బండి ఆగొద్దు." నాకూ అదే సరైందనిపించింది. ప్రోగ్రాంలో రెండు లైన్లు కలిపాను. రోజుల గడి న్యూమరిక్ కాకపోతే ఆ రికార్డు వదిలేసి తర్వాతిది చదువు. కంపైల్ చేశాం. నడిచింది. నాలుగున్నరకి ప్రింటర్ తన తాళంలో తాను పడింది. ఐదున్నరకి స్లిప్పుల కట్టలు భుజాన వేసుకొని ఇద్దరం స్టేషన్‌కి పరిగెత్తాం. పండుగ సెలవు కూడా కలిసొచ్చింది కాబట్టి నేనూ ఇంటికి వస్తున్నాను. 412 మనిషి స్లిప్పు రైల్లో నా చేత్తో రాశాను. భువనగిరి దాటినట్టున్నాం, అన్న టీ ఇప్పించాడు. గెలిచామనుకున్నాను.

మధ్యాహ్నం వరంగల్ యూనిట్‌లో జీతాలిస్తున్నారు. నేను ఊరికే చూద్దామని నిలబడ్డాను. నా ప్రోగ్రాం లెక్కగట్టిన కాగితాలు మనుషుల చేతుల్లోకి వెళ్లడం అంతకుముందెప్పుడూ చూడలేదు. వేలిముద్రలు వేస్తున్నారు, నోట్లు లెక్కపెట్టుకుంటున్నారు, నడుముకి దోపుకుంటున్నారు. 412 ఆయన కూడా తీసుకొని పోయాడు. కాసేపటికి ఒక పెద్దాయన, భుజం మీద తువ్వాల, వాచ్‌మన్‌గా చేసేవాడట, కిటికీ దగ్గరికి వచ్చాడు. క్యాషియర్ కట్ట రెండుసార్లు తిప్పి చూశాడు. "కంప్యూటర్ల నీ పేరు రాలే పెద్దాయనా. పండుగ ఎల్లినంక రా."

"సారూ, ఇంకొక్కసారి సూడుండ్రి. నెలంత ఒక్క నాగ వెట్టలే" అన్నాడు. క్యాషియర్ మళ్లీ చూశాడు. లేదు. ఆ పెద్దాయన గొడవ చేయలేదు. తువ్వాల దులుపుకొని మెట్ల మీద కూర్చున్నాడు. నేను వెళ్లి నంబరెంత అని అడిగాను. చివర 417.

నా గొంతు ఎండిపోయింది. 417 గురించి నాకేమీ తెలియదు. నేను వదిలేసింది 412 ఒక్కడినే అనుకున్నాను. కానీ వదిలేసినవాళ్లు ఎంతమందో ప్రోగ్రాం లెక్కపెట్టలేదు. లెక్కపెట్టమని నేను రాయలేదు. ఎక్కడికీ వాళ్ల పేర్లు పోలేదు. చదివినవాళ్లు ఎందరు, స్లిప్పులు వచ్చింది ఎందరికి అన్న రెండంకెలు చివర ప్రింట్ చేయించి ఉంటే ఒక్క తీసివేతతో బయటపడేది.

హనుమకొండ పోస్టాఫీసు నుంచి ట్రంక్ కాల్ బుక్ చేసి సార్‌ని పట్టుకునేసరికి సాయంత్రమైంది. ఆయన మళ్లీ నడిపించి చూశారు. వదిలేసింది ఏడుగురిని. 412 కాక ఇంకో ఆరుగురు. వాళ్ల గడుల్లో ఖాళీ వెనక కాదు, ముందుంది. 40 ఎఫ్2 ఎఫ్6.

అసలు దెబ్బ ఎక్కడుందో సార్ ఆ తర్వాత కాగితం మీద గీసి చూపించారు, అది నాకు జీవితాంతం గుర్తుండిపోయింది. ఇలాంటి అంకెను లెక్కకి తీసుకునేటప్పుడు మెషీన్ దాన్ని ప్యాక్ చేస్తుంది. ప్రతి బైటులోనూ రెండు సగాలుంటాయి. కుడి సగం తీసుకుంటుంది, ఎడమ సగం పారేస్తుంది. చివరి బైటులో మాత్రం ఎడమ సగాన్ని గుర్తుగా, అంటే ప్లస్సా మైనస్సా అని చూడటానికి దాచుకుంటుంది. ముందున్న ఖాళీ 40లో 4 పారేస్తే మిగిలేది 0. అంటే 40 ఎఫ్2 ఎఫ్6 చక్కగా 026 అయిపోతుంది. మెషీన్‌కి ఏ ఇబ్బందీ లేదు. వెనకున్న ఖాళీలో అలా కాదు, ఆ 4 గుర్తు స్థానంలోకి వస్తుంది. 4 అనే గుర్తు లేదు. అక్కడ ఆగిపోతుంది, సాక్ సెవెన్. అంటే ఆ ఆరుగురి జీతం ఏళ్ల తరబడి సరిగ్గానే వస్తూ ఉంది. మెషీన్ వాళ్లని ఎప్పుడూ కాదనలేదు. కోబాల్‌లో న్యూమరిక్ పరీక్ష మాత్రం అలా కాదు, ఖాళీ ముందున్నా వెనకున్నా అది అంకె కాదంటుంది. మెషీన్ ఆపింది ఒక్కరిని. మిగతా ఆరుగురిని ఆపింది నేను రాసిన రెండు లైన్లు.

యూనిట్ మేనేజర్‌తో మాట్లాడి అడ్వాన్సు వోచర్లు రాయించాం. 417 పెద్దాయనకి ఆ రాత్రి ఎనిమిదింటికి డబ్బు అందింది. ఇంకో ముగ్గురిని వెతికి పట్టుకొని మర్నాడు ఇచ్చాం. మిగతా ఇద్దరు అప్పటికే ఊళ్లకి వెళ్లిపోయారు. వాళ్లకి అందింది పండుగ తర్వాతే. ఆ దసరా నాడు మా ఇంట్లో జమ్మి చేతిలో పెట్టి అందరూ అలయ్ బలయ్ తీసుకుంటుంటే నాకు ఆ ఇద్దరే కళ్లలో మెదిలారు. వాళ్లని నేను చూడలేదు కూడా.

ఈ సంగతి మీద మా ముగ్గురి వాదన అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది.

అన్న మాట ఒకటే. రైల్వే మనిషి కాబట్టి రైల్వే లెక్కలోనే చెప్తాడు. "గూడ్స్ బండిల ఒక వ్యాగన్‌కు ఇరుసు కాలింది. ఏం జేస్తరు? బండంత అక్కడ్నే నిలవెడ్తరా? ముందల స్టేషన్ల ఆ వ్యాగన్ కట్ చేసి మిగిలిన బండి తోల్తరు. నువ్వు చేసింది తప్పు గాదు. మా నాయిన ఏం జేసెటోడు? ఏ వ్యాగన్ ఎక్కడ వదిలిండో నంబరుతోని రాసి పెట్టెటోడు. మనం గదొక్కటి రాసుకోలే." నాకు అన్న మాట మీదే గురి ఎక్కువ. పని ఆపకూడదు, కానీ వదిలేసినదాన్ని రాసి పెట్టకుండా ముందుకు పోకూడదు.

సార్ ఒప్పుకోరు. ఆయన దృష్టిలో మెషీన్ ఆగిపోవడమే దాని నిజాయితీ. అర్థం కాని దాన్ని అర్థమైనట్టు లెక్కలో కలపలేదు కదా అంటారు. ముందు ఖాళీని సున్నా అనుకొని సర్దుకుపోవడమే ఆయనకి నచ్చదు. అది మొదట్లోనే ఆగిపోయి ఉంటే డేటా ఎంట్రీ తప్పు ఏళ్ల కిందటే బయటపడేది, ఆరుగురూ ఆ రాత్రి నా చేతిలో పడేవాళ్లు కాదు అని ఆయన వాదన. "సర్దుకపోయే మెషీనే అసలు ప్రమాదం. ఆగిపోయే మెషీన్ నీకు దోస్తు." ఇప్పటి సిస్టమ్స్‌లో ఖాళీ గడి కనిపిస్తే సున్నా అనుకొని సాగిపోవడం చూస్తే ఆయనకి నిజంగా కోపం వస్తుంది.

మాటలు ఇక్కడి నుంచి ఎక్కడెక్కడికో పోతాయి. 1986లో ఢిల్లీలో రైల్వే రిజర్వేషన్ కంప్యూటర్ మీదికి వచ్చింది డీఈసీ అనే ఇంకో కంపెనీ వారి వాక్స్ మెషీన్ల మీద. దాన్ని మెయిన్‌ఫ్రేమ్ అనొచ్చా లేదా అని అన్నకీ సార్‌కీ ఒక ఉదయమంతా సరిపోయింది. అన్నకి రైలుకి సంబంధించిన ఏ మెషీన్ అయినా పెద్దదే. సార్ ససేమిరా అన్నారు. ఏ ప్రోగ్రాం ఏ ఫైళ్లతో ఏ వరసలో నడవాలో మెషీన్‌కి చెప్పే భాష జేసీఎల్ మాటొస్తే మాత్రం ముగ్గురం ఒకటే. స్టెప్పు ఎప్పుడు నడవాలో చెప్పకుండా ఎప్పుడు దాటేయాలో చెప్పే ఆ కాండ్ షరతు కొత్తవాళ్లందరినీ ఏడిపించింది. ఐబీఎం మెషీన్లని నడిపించే ఓఎస్/360 తయారీకి నాయకత్వం వహించిన ఫ్రెడ్ బ్రూక్స్ కూడా తర్వాత జేసీఎల్‌ని గట్టిగా విమర్శించినవారే.

సార్ ఇష్టంగా చెప్పేది ఐఈఎఫ్‌బీఆర్14 సంగతి. అది ఏ పనీ చేయని ప్రోగ్రాం. ఫైళ్లు సృష్టించడం, తీసేయడం జేసీఎల్ చేసుకుంటుంది, దానికి పేరుకి ఒక ప్రోగ్రాం కావాలి, అందుకని పెట్టారు. మొదట్లో అందులో ఉన్నది ఒక్కటే ఆజ్ఞ, 14వ రిజిస్టర్‌లో, అంటే మెషీన్ లోపలి ఒక చిన్న గడిలో, ఉన్న చిరునామాకి తిరిగి వెళ్లిపో అని. ఆ ఒక్క ఆజ్ఞలోనూ తప్పు దొరికింది. వెళ్లేటప్పుడు 15వ రిజిస్టర్‌లో రిటర్న్ కోడ్ పెట్టాలి, సున్నా అయితే అంతా బాగానే జరిగిందని. ఇది దాన్ని సున్నా చేయకుండా వెళ్లిపోయేది. దాంట్లో అంతకుముందు ఏముంటే అదే ఫలితంగా కనిపించేది. తర్వాత సున్నా చేసే ఆజ్ఞ ఇంకొకటి కలిపారు. మొన్న సార్ ఇది మళ్లీ చెప్తుంటే అన్న మధ్యలో అందుకున్నాడు. "గంతే గద సార్. ఏ పని చెయ్యనోడు గూడ పొయ్యేటప్పుడు అంత బాగనే ఉందని చెప్పి పోవాలె. మరి ఏడుగురిని వదిలేసి పోయినోడు చెప్పకుంట ఎట్ల పోతడు?" సార్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. అన్న పక్కకి ఆయన కొంచెం మొగ్గిన రోజు అదొక్కటే.

ఆ దసరా తర్వాత నేను రాసిన ప్రతి ప్రోగ్రాం చివర మూడంకెలు ప్రింటయ్యేవి. చదివినవి, రాసినవి, వదిలినవి. మొదటిది మిగతా రెండింటి మొత్తానికి సమానం కాకపోతే జాబ్ అక్కడే ఆగిపోయేది. వదిలినవి పేరుతో, నంబరుతో వేరే ఫైల్లోకి వెళ్లేవి. 1998లో వై2కే పనికి, అంటే రెండంకెల సంవత్సరాలు 2000 వచ్చేసరికి తికమకపడకుండా పాత ప్రోగ్రాములు దిద్దే పనికి కుదిరినప్పుడు, అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి మా టీంలోకి వచ్చిన పిల్లలకి, వాళ్లలో సగం మంది మన వరంగల్, కరీంనగర్ పిల్లలే, మొదటి రోజు నేర్పింది ఇదే. సంవత్సరం గడిని నాలుగంకెలకి పెంచాలా, లేక రెండంకెలే ఉంచి 50 కంటే తక్కువైతే 2000ల కిందికి, ఎక్కువైతే 1900ల కిందికి అనుకోవాలా అన్న గొడవ అందరికీ తెలిసిందే. మాకు ఇంకో మూలన దెబ్బ తగిలేది. టేపు గడువు తేదీ 99365 అని వేస్తే, అంటే 99వ సంవత్సరం 365వ రోజు, ఎప్పటికీ చెరపొద్దని మా లెక్క. ఆ ఎప్పటికీ కాస్తా 1999 డిసెంబర్ 31న రాబోతోంది. అన్న తన లైబ్రరీలో ఒక్కో రీలు దింపి, లేబులు చదివి, రిజిస్టర్‌లో రాసి, తేదీ మార్పించాడు. కొన్ని నెలలు పట్టింది. వచ్చినవి, మార్చినవి, మిగిలినవి, తనూ మూడంకెలే రాశాడు.

మా మేనల్లుడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లని నడిపించే జెడ్/ఓఎస్ మీద పనిచేస్తాడు. 1964 ఏప్రిల్ 7న ప్రకటించిన సిస్టమ్/360 సంతతే అది. ఆనాటి ఆజ్ఞలు ఇవాళ్టి మెషీన్‌కీ అర్థమవుతాయి. మొన్న రాత్రి వాడు ఫోన్‌లో ఒక ఫొటో పంపి "మామా, ఇదేంది" అన్నాడు. 0సీ7. అదే కోడు. ఏ గడిలో ఏముందో చూడమని, ముందు ఖాళీయా వెనక ఖాళీయా చెప్పమని అడిగాను. వెనక ఖాళీ. వదిలేస్తే ఎంతమంది పోతారో ముందు లెక్కపెట్టురా అన్నాను.

కట్ట మీద అన్న ఆ డంప్‌ని సార్ ఒళ్లో పెట్టాడు. కాగితం పసుపెక్కింది, మడతల దగ్గర పురుగు తిన్నది. సిరా మాత్రం బాగానే ఉంది. సార్ కళ్లజోడు సవరించుకొని మొదటి పేజీలో పీఎస్‌డబ్ల్యూ చూశారు. పక్కన పెన్సిలుతో నేను చేసిన తీసివేత అలాగే ఉంది. ఆయన దాన్ని మనసులో మళ్లీ చేసి తల ఊపారు. పేజీలు తిప్పి బఫర్ దగ్గరికి వచ్చారు. 412 చుట్టూ నేను గీసిన సున్నా ఉంది. ఎఫ్2 ఎఫ్6 40 కింద రెండు గీతలు. ఆ రాత్రి నేను అక్కడితో ఆగిపోయి ప్రోగ్రాం దిద్దడానికి లేచాను.

సార్ వేలు ఆగలేదు. అలాగే కిందికి దిగుతూ పోయింది. ఒక వరస, రెండు వరసలు, అంకెలు చదువుకుంటూ. రికార్డుకి 80 బైట్లు, వరసకి 32. పన్నెండు వరసల కింద ఆగింది.

"ఇటు చూడు" అన్నారు.

ఎఫ్4 ఎఫ్1 ఎఫ్7. కొంచెం అవతల 40 ఎఫ్2 ఎఫ్6. అదే బ్లాకు, అదే పేజీ. నేను సున్నా చుట్టిన చోటికి జానెడు దూరం కూడా లేదు. కుడి పక్కన అక్షరాల్లో ఆయన పేరు పూర్తిగా ఉంది. పేరు తర్వాత ఒక ఖాళీ, దాని తర్వాత 26.

నెలంత ఒక్క నాగ వెట్టలే అన్నాడు ఆయన.

అన్న వంగి ఆ పేరు పైకి చదివాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి నాకిచ్చాడు. నేను 417 చుట్టూ కూడా సున్నా చుట్టాను. మిగతా ఐదుగురి కోసం సార్ అప్పటికే తర్వాతి బఫర్ పేజీ తిప్పుతున్నారు.